వానాకాలంలో అరకు: వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

అరకు లోయను చలికాలంలో చూసినవారే ఎక్కువ. నవంబరు, డిసెంబరు నెలల్లో పసుపు పరచినట్లుండే వలిసె పూల కోసం వచ్చే జనంతో అక్కడి గదుల అద్దెలు కూడా కొండెక్కుతాయి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు ఉండే అరకు వేరు. వలిసె పూలు కనిపించవు, వాటిని ఆశించి వెళ్లకూడదు. వాటికి బదులు నిండుగా పారే గెడ్డలు (కొండవాగులు), లోయలో సాగే వరి నాట్లు, రోడ్డు మీదికి దిగివచ్చే మేఘాలు కనిపిస్తాయి. ఈ కాలంలో మన తీరికను బట్టి కాక వానను బట్టి ప్రయాణం నడుస్తుంది కనుక, చలికాలంలో ఒక్క రోజులో చుట్టివచ్చే చోట్లకు రెండు రోజులు కేటాయించుకోవడం మంచిది.

తేదీలు ఖాయం చేసుకునే ముందు బంగాళాఖాతం వైపు చూడాలి. ఈ ప్రాంతంలో కుండపోత వానలు చాలావరకు అల్పపీడనాల వల్లనే కురుస్తాయి, వాటి సమాచారం విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం ముందుగానే ఇస్తుంది. ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఉన్నప్పుడు, గదికి కట్టిన డబ్బు పోయినా సరే, ప్రయాణం వాయిదా వేసుకోవాలి. సెప్టెంబరు దాటితే వానలు తగ్గిపోతాయని అనుకోవడానికీ లేదు. విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటింది. ఆగస్టు 15 చుట్టూ వరుస సెలవులు వచ్చినప్పుడు కొండ మీద వానా ఉంటుంది, జనమూ ఉంటారు. వీలైతే వారం మధ్యలో వెళ్లండి.

విశాఖ నుంచి అరకుకు దాదాపు 115 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరే కిరండూల్ రైలులో అద్దాల పెట్టె ఉంటుంది, దాని టికెట్లు ముందుగానే అయిపోతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమిది. బొడ్డవర దాటాక ఘాట్ మొదలై శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ మీదుగా సాగుతుంది. వరుస సొరంగాల మధ్య ఒక్క క్షణం కనబడి మాయమయ్యే జలపాతాలను చూడాలంటే రైలుకు సాటి లేదు. అయితే భారీ వానల తరువాత పట్టాల మీద కొండచరియలు విరిగిపడితే రైలును రద్దు చేయడమో దారి మధ్యలో ఆపివేయడమో జరుగుతుంది కనుక, బయలుదేరే రోజు తెల్లవారుజామున మరోసారి వివరం కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు పగటిపూట రోడ్డు అన్న పద్ధతి నాకు అన్నిటికంటే సుఖంగా తోస్తుంది. తిరుగు రైలు ఆలస్యమైతే చీకట్లో పడిగాపులు తప్పవు.

సొంత వాహనంలో వెళ్లేవారు ఘాట్‌కు ముందు వచ్చే ఎస్.కోట (శృంగవరపుకోట)లోనే ఇంధనం నింపుకుని, టైర్ల అరుగుదల, వైపర్లు, బ్రేకులు సరిచూసుకోవాలి. మంచు కమ్మినప్పుడు హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని గోడ తప్ప ఏమీ కనబడదు. లోబీమ్ మీదే, రోడ్డు అంచు గీతను చూసుకుంటూ నెమ్మదిగా నడపాలి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి, మలుపులో హారన్ కొట్టాలి. కొత్తగా రాళ్లు రాలిన చోట, ఫొటో కోసమైనా సరే, బండి ఆపకూడదు. మబ్బు రోజుల్లో కొండల మీద చీకటి తొందరగా పడుతుంది కనుక సాయంత్రం 4 గంటలకల్లా ఘాట్ దిగిపోయేలా చూసుకోవాలి.

ఘాట్ రోడ్డు మీద లోయను చూసే చోటైన గాలికొండ దగ్గర చాలామంది నిరాశపడి వెళ్లిపోతారు. లోయంతా పాలపొంగులా మూసుకుపోయి, రెయిలింగు అవతల ఏముందో కూడా తెలియదు. అక్కడే ఒక పావుగంట నిలబడండి. గాలి తిరిగితే మొదట దగ్గరి చెట్ల కొసలు, తరువాత ఒక గట్టు, ఆపైన లోయ బయటపడతాయి. రెండు నిమిషాల్లో అన్నీ మళ్లీ కనుమరుగు కావచ్చు. అనంతగిరి కాఫీ తోటలు కూడా వానలోనే చూడదగినవి. సిల్వర్ ఓక్ మానులకు అల్లుకున్న మిరియాల తీగల నుంచి నీటి చుక్కలు కింది కాఫీ ఆకుల మీద పడుతుంటాయి, కొమ్మల కణుపుల దగ్గర పచ్చికాయలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. అవి పండేది చలికాలంలో. తోట యజమానుల అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి.

అసలు ప్రమాదం నీటి దగ్గరే పొంచి ఉంటుంది. డుంబ్రిగుడ దగ్గరి చాపరాయి చూడటానికి నున్నటి బండ మీద పారే చిన్న ప్రవాహమే, వేసవిలో పిల్లలు జారుతూ ఆడుకునే చోటు. వానాకాలంలో ఆ బండ నాచు పట్టి ఉంటుంది, వేగం చూస్తుండగానే పెరుగుతుంది. మనం నిలబడిన చోట చినుకు లేకపోయినా ఎగువ కొండల్లో కురిసిన వానకు గెడ్డ పొంగవచ్చు. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కాలి. రోడ్డు మీదుగా గెడ్డ పారుతుంటే, ముందు బండి దాటిందని మనమూ దాటకూడదు. కటికి జలపాతానికి ఈ కాలంలో స్థానికుల తోడు లేకుండా వెళ్లవద్దు. బొర్రా గుహల్లో పైనుంచి నీరు కారుతూ మెట్లు జారతాయి, కనుక పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి.

సామానులో గొడుగు కంటే రెయిన్‌కోటు మేలు, గాలికి గొడుగు నిలవదు. బట్టలు ఆరవు కాబట్టి ఒక జత అదనంగా, సాక్సులు రెండు జతలు అదనంగా ఉంచుకోండి. కరెంటు, ఫోను సిగ్నలు పోతే డిజిటల్ చెల్లింపులు జరగవు, చేతిలో నగదు ఉండాలి. కాచిన నీరు తాగండి, వేడిగా వండినదే తినండి.

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, వానాకాలం మలేరియా కాలం కూడా. సాయంత్రం నిండు చేతుల చొక్కా, దోమల మందు, రాత్రి దోమతెర అవసరం. గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే బయలుదేరక ముందే వైద్యుల సలహా తీసుకోవాలి. మలేరియా జ్వరం దోమ కుట్టిన వెంటనే కాక, సాధారణంగా వారం నుంచి నెలలోపు బయటపడుతుంది. కాబట్టి ఇంటికి వచ్చిన తరువాత చలిజ్వరం వస్తే మామూలు జ్వరం మాత్రతో సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి, అరకు వెళ్లివచ్చిన సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.