డైనింగ్ టేబుల్ ఊగుతోందా? స్పానర్ తీసే ముందు ఒక విజిటింగ్ కార్డు తీసుకోండి

"టేబుల్ కదులుతోంది, వచ్చి బోల్టులు బిగించండి" అని ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో బోల్టులు గట్టిగానే ఉంటాయి. అంతకుముందే ఇంటాయన బిగించి ఉంటాడు, ఆయనకన్నా ముందు ప్యాకర్స్ వాళ్లు బిగించి ఉంటారు. అయినా సాంబారు గిన్నె పెట్టినప్పుడల్లా టేబుల్ కదులుతూనే ఉంటుంది.

కదలడం రెండు రకాలు. ఒక మూల నొక్కితే ఎదురు మూల లేచి, వదిలేస్తే 'టక్'మని నేలకి తగిలితే అది తూగడం. నాలుగు కాళ్లూ నేలని అంటుకునే ఉండి, పక్కనుంచి తోస్తే పైభాగం అటూ ఇటూ పోతే అది ఊగడం. తూగే టేబుల్‌కి బోల్టులు బిగించడం, ఊగే టేబుల్ కాలి కింద అట్టముక్క పెట్టడం రెండూ దండగ పనులే. ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఈ రెండే.

తూగుతుంటే

ముందు చూడాల్సింది నేల. ఎవరూ చూడరు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని టేబుల్‌ని ఎత్తి హాల్ మధ్యలోనో, వేరే గదిలోనో పెట్టి నొక్కండి. రెండు మూడు చోట్ల చూడండి. చోటు మారగానే తూగడం ఆగితే తప్పు నేలది. ఎక్కడ పెట్టినా అవే కాళ్లు లేస్తుంటే తప్పు టేబుల్‌ది. కొందరు టేబుల్‌ని ఉన్నచోటే అటు కొస ఇటు వచ్చేలా తిప్పి చూస్తారు. దానివల్ల ఏమీ తేలదు. తూగడం ఎప్పుడూ ఎదురెదురు మూలల మీద జరుగుతుంది. సగం తిప్పితే ఆ మూలలు మళ్లీ అక్కడికే వస్తాయి.

మన డైనింగ్ రూముల్లో నేలకి వాటం ఉంటుంది. నీళ్లు పోసి కడిగితే వాష్ బేసిన్ వైపో, గుమ్మం వైపో పోవాలని పెట్టిస్తారు. వాటం ఒకే తీరుగా ఉంటే టేబుల్ కాస్త వాలుతుందే గానీ తూగదు. రెండు వాటాలు కలిసే చోటో, పెద్ద టైల్స్ అంచులు ఒకదానికన్నా ఒకటి లేచి ఉన్న చోటో కాలు పడితేనే తూగుతుంది. టేబుల్‌ని జానెడు జరిపితే చాలాసార్లు పని అయిపోతుంది. జరిపే వీల్లేకపోతే హార్డ్‌వేర్ షాపులో కాళ్ల అడుగున పెట్టే, ఎత్తు సరిచేసుకునే స్క్రూ బుష్‌లు దొరుకుతాయి, అవి పెట్టించండి. మడిచిన పేపర్ మాత్రం వద్దు. రెండు రోజులు తడిగుడ్డ పెడితే అది ముద్దైపోతుంది.

తప్పు టేబుల్‌దే అయితే కాళ్ల అడుగున చూడండి. నాలుగు బుష్‌లలో ఒకటి ఊడిపోయి ఉంటుంది. ఒక్కటే కొనకండి, నాలుగూ మార్చండి. పాతవి ఈపాటికి అరిగి ఉంటాయి. బుష్‌లు బాగానే ఉంటే, టేబుల్‌ని బోర్లా పడేసి ఒక్కో కాలూ పూర్తిగా బిగించుకుంటూ పోయారన్నమాట. అలా చేస్తే ఫ్రేమ్ మెలితిరిగినట్టే బిగుసుకుంటుంది. అన్ని నట్లూ ఒక చుట్టు వదులు చేసి, టేబుల్‌ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, ఒకరు పైనుంచి రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే ఇంకొకరు కింద కూర్చుని ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం బిగించాలి.

కాలు కోయించే ఆలోచన మానుకోండి. ఒకటి కోస్తే ఇంకోటి పొడుగవుతుంది. అలా కోసుకుంటూ పోతే చివరికి కింద కూర్చుని తినే పీట మిగులుతుంది.

ఊగుతుంటే

బోల్టులు వదులయ్యాయేమో చూడటం మీకు తెలిసిన పనే. ఎక్కువ చెక్క టేబుళ్లకి 8 ఎంఎం బోల్టు ఉంటుంది, దాని నట్టుకి 13 నంబర్ స్పానర్ పడుతుంది. బిగిస్తే ఊగడం ఆగిందా, మంచిది. కొత్త స్ప్రింగ్ వాషర్లు వేసి ఊరుకోండి. విశాఖలోనో కాకినాడలోనో కొన్న టేబుల్‌ని హైదరాబాద్ తెచ్చుకుంటే మొదటి ఎండాకాలం తర్వాత ఒకసారి బిగించాల్సిందే. పొడిగాలికి చెక్క లోపలికి లాక్కుంటుంది, అది మామూలే.

బోల్టు ఇంక తిరగనంత గట్టిగా ఉన్నా కాలు ఊగుతోందంటే మాత్రం కథ వేరు. మంచి కార్పెంటర్లు కూడా బోల్తా పడేది ఇక్కడే.

టేబుల్ కిందికి దూరి ఒక మూల చూడండి. పైచెక్క కింద చుట్టూ నాలుగు పట్టీలు ఉంటాయి. రెండు పట్టీలు కలిసే మూలలో కాలు ఉంటుంది. కాలికి లోపలివైపు, రెండు పట్టీలనీ కలుపుతూ అడ్డంగా ఒక చెక్క ముక్కో ఇనుప ప్లేటో ఉంటుంది. దాన్ని మూల చెక్క అందాం. కాల్లోంచి వచ్చే బోల్టు ఈ మూల చెక్కలోంచి బయటికొస్తుంది, దానికి నట్టు పడుతుంది. నట్టు బిగిస్తే కాలు లోపలికి లాగబడి రెండు పట్టీల కొసలకీ గట్టిగా ఆనుకోవాలి. ఊగకుండా పట్టేది ఆ ఆనుకోవడమే. బోల్టు చేసేది లాగడం వరకే.

కాలు లోపలికి రావాలంటే దానికీ మూల చెక్కకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ పోతే కాలు పట్టీల కన్నా ముందు మూల చెక్కకి తగిలి ఆగిపోతుంది. మీరు ఎంత బిగించినా కాలూ మూల చెక్కా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయే గానీ పట్టీల దగ్గర సందు అలాగే ఉంటుంది. స్పానర్ తిరగదు కాబట్టి గట్టిగా ఉందనుకుంటాం. కాలు మాత్రం ఆ ఒక్క బోల్టు మీదే ఊగుతుంటుంది.

ఖాళీ ఎందుకు పోతుంది? ఇల్లు మారినప్పుడల్లా ఎవరో ఒకరు బలం చూపించి బిగిస్తారు. మెత్తటి చెక్కయితే పట్టీల కొసలు నలిగి కాలు కొంచెం కొంచెం లోపలికి వస్తుంది. మూల చెక్క స్క్రూలు పట్టు వదిలితే అదే కాలి వైపు జరుగుతుంది. పల్చటి ఇనుప ప్లేటయితే వంగుతుంది. ఇంకో రకం కూడా చూశాను. పాత మూల చెక్క విరిగిందని కొత్తది వేసినతను, ఖాళీ లేకుండా కాలికి అతికినట్టు 'నీటుగా' కూర్చోబెట్టాడు. ఆ ఇంటావిడ "ఎన్నిసార్లు బిగించినా ఇంతే అన్నా" అంటే, తర్వాత వచ్చినతను పట్టీకి ఎల్ యాంగిల్ పెట్టి మేకులు కొట్టాడు. ఊగడం ఆగలేదు, పట్టీ మాత్రం చీలింది.

కనిపెట్టడం తేలిక. పాత విజిటింగ్ కార్డు తీసుకోండి. కాలికీ మూల చెక్కకీ మధ్య అది సులువుగా దూరాలి, అక్కడ 3 ఎంఎం దాకా ఖాళీ ఉంటే ఇంకా మంచిది. కాలికీ పట్టీ కొసకీ మధ్య అది దూరకూడదు. లోపల దూరక, పట్టీ దగ్గర దూరుతోందంటే మీ జబ్బు ఇదే. నాలుగు మూలలూ చూడండి, ఒక్క మూలే పాడైనా టేబుల్ అంతా ఊగుతుంది.

బాగుచేయడానికి దుప్పటి పరిచి టేబుల్‌ని బోర్లించండి. పైన గాజో గ్రానైటో ఉంటే ముందు దాన్ని తీసి గోడకి నిలువుగా ఆనించి పెట్టండి. నట్టు విప్పి కాలు తీయండి, మూల చెక్క స్క్రూలు విప్పండి. మూల చెక్కకి కాలి వైపు ఉండే ముఖాన్ని మాత్రమే చిత్రిక పట్టి 3 ఎంఎం దాకా తగ్గించండి. పట్టీలకి ఆనే రెండు కొసల జోలికి వెళ్లకండి. వాటిని చెక్కితే ముక్క పొట్టిదై మూలలోకి ఇంకా జరుగుతుంది, ఉన్న ఖాళీ కూడా పోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు ఫెవికాల్ రాసి, పాత బెజ్జాల్లో కాకుండా పక్కన కొత్త బెజ్జాలు వేసి స్క్రూలు బిగించండి. ఫెవికాల్ పూర్తిగా ఆరాకే కాలు ఎక్కించండి.

చిత్రిక లేకపోతే ఇంకో దారి ఉంది. 1 ఎంఎం సన్‌మైకా ముక్కలు కోసి కాలు ఆనే చోట రెండు పట్టీల కొసలకీ అతికించండి. కాలు ఆ మేరకు బయటికి జరిగి, లోపల ఖాళీ వస్తుంది. పట్టీ కొసలు నలిగిన టేబుల్‌కి నిజానికి ఇదే మెరుగు. వంగిన ఇనుప ప్లేటుని సుత్తితో సరిచేయొచ్చు గానీ మళ్లీ వంగుతుంది, మందంగా ఉన్నది కొత్తది వేయండి. దాని కొసలు పట్టీలకున్న గాడుల్లో పూర్తిగా కూర్చున్నాయో లేదో కూడా చూడండి.

చివరి బిగింపు ఇందాక చెప్పినట్టే, టేబుల్‌ని నిలబెట్టి, ఎదురెదురు మూలలు. వాషర్ చెక్కలోకి దిగడం మొదలవగానే ఆపేయండి.

మిగతావి

నట్టు తిప్పితే బోల్టు కూడా దానితోపాటే తిరుగుతుంటే కాల్లో మరలు పోయాయి. బోల్టు లాగేసి, ఫెవికాల్ రాసిన టేకు చీల దిగ్గొట్టి, ఒక రాత్రి ఆగి, మళ్లీ బెజ్జం వేయండి. అగ్గిపుల్లలు కూరితే ఎక్కువ రోజులు ఆగదు. పట్టీలు గట్టిగా ఉండి పైచెక్క ఒక్కటే జరుగుతుంటే, కింద దాన్ని పట్టే స్క్రూలు వదులయ్యాయంతే. గాజు ఒక్కటే కదిలితే దాని కింది రబ్బరు బొత్తాల్లో ఒకటి లేదు. పార్టికల్ బోర్డు టేబుల్ నీళ్లు తాగి ఉబ్బితే దానికి మరమ్మతు లేదు. చెక్కలోంచి పిండి రాలుతుంటే ముందు పురుగు సంగతి చూడండి.

ఇంత చదివి కుర్చీల మూల చెక్కలు కూడా చెక్కేరు, జాగ్రత్త. చాలా చెక్క కుర్చీల్లో కాలిని లాగే బోల్టు ఉండదు. అక్కడ మూల చెక్కని జిగురుతో అతికించేది కాలూ పట్టీ కలిసే కీలుకి బలం కోసం, కాబట్టి ఖాళీ ఉండకూడదు. కుర్చీ ఊగితే కీలు విప్పి, పాత జిగురు గీకేసి, కొత్త ఫెవికాల్ పెట్టి, తాడు చుట్టి కర్రతో మెలేసి బిగించి ఒక రోజు వదిలేయండి. ఈలోపు దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి.