లైవ్ ఫీడ్‌కు డబ్బు కట్టేముందు: రెండు ఫీడ్‌లను పక్కపక్కన పెట్టి తూచే పద్ధతి

మార్కెట్ ధరలు క్షణక్షణం మన కోడ్‌కు చేరేదే లైవ్ ఫీడ్. దానికి బ్రోకర్ ఇచ్చే ఏపీఐ (కోడ్‌కు డేటా అందే దారి) సరిపోతుందా, లేక డేటా వెండర్ (ధరల డేటా అమ్మే సంస్థ) దగ్గర విడిగా సబ్‌స్క్రిప్షన్ కట్టాలా? ప్రకటనల్ని అడిగితే ఒకటే జవాబు: మాదే ఫాస్ట్. ఏ స్ట్రైక్‌లో (ఆప్షన్ ఒప్పంద ధరలో), ఏ టైములో, ఎన్ని మిల్లీసెకన్లు ఫాస్ట్ అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అది మీ మెషీన్ మీద మీరే కొలుచుకోవాల్సిన సంగతి. పైథాన్ కాస్త వస్తే శని, ఆదివారాల్లో స్క్రిప్ట్ రాసుకుని, ఎక్స్‌పైరీ రోజు (ఆప్షన్ల గడువు తీరే రోజు) కలిసొచ్చేలా మూడు నాలుగు సెషన్లు రికార్డ్ చేస్తే తేలిపోతుంది.

అసలు అవసరం ఉందో లేదో ముందు చూసుకోండి. మార్కెట్ మూశాక చార్ట్ చూసి మర్నాడు కొనేవాళ్ళకు ఎన్‌ఎస్‌ఈ ఉచితంగా పెట్టే భావ్‌కాపీ (ఆ రోజు ధరలన్నీ ఉండే ఫైల్) చాలు. 15 నిమిషాల క్యాండిల్ (ఆ వ్యవధిలోని ఓపెన్, హై, లో, క్లోజ్ చూపే చార్ట్ కడ్డీ) మీద ట్రేడ్ చేసేవాళ్ళకు చేతిలో ఉన్న బ్రోకర్ ఫీడ్ ఏదైనా సరిపోతుంది. ఆప్షన్లలో స్కాల్పింగ్ (నిమిషాల్లోనే కొని అమ్మేయడం) చేసేవాళ్ళూ, స్టాప్‌లాస్‌ను (నష్టం హద్దు దాటకుండా బయటపడే ఆర్డర్‌ను) సొంత కోడ్‌తో నడిపేవాళ్ళూ మాత్రం కింది పని చెయ్యాలి.

ఇంటికి వచ్చే ఫీడ్‌ను "టిక్ బై టిక్" అని అమ్ముతుంటారు. ప్రతి ఆర్డరూ ప్రతి ట్రేడూ విడివిడిగా వచ్చే అసలు టిక్ బై టిక్ ఫీడ్, ఎక్స్ఛేంజ్ కొలొకేషన్‌లో (ఎక్స్ఛేంజ్ ఆవరణలోనే సర్వర్లు ఉంచే చోట) ర్యాక్ పెట్టుకున్నవాళ్ళకు అందేది. మన వెబ్‌సాకెట్‌లో (సర్వర్‌తో తెరిచి ఉంచే నెట్ కనెక్షన్‌లో) వచ్చేవి స్నాప్‌షాట్లు. రెండు ప్యాకెట్ల మధ్య నలభై ట్రేడులు జరిగినా మనకు కనిపించేవి చివరి ధర, రోజు మొత్తం వాల్యూమ్, ఐదు వరసల డెప్త్ (ఎదురుచూస్తున్న కొనే, అమ్మే ఆర్డర్లు). అందుకే ఒకే షేరుకు ఇద్దరు బ్రోకర్ల ఒక నిమిషం క్యాండిల్స్‌లో హై, లో కలవవు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కొంతవరకు సరిచేసే ఉపాయం ఒకటుంది: ప్యాకెట్‌లో రోజు హై, రోజు లో కూడా వస్తే, గత ప్యాకెట్‌కూ దీనికీ మధ్య రోజు హై పెరిగిందేమో చూడండి. పెరిగితే ఆ ధర మీ ఎల్‌టీపీలో (చివరి ట్రేడ్ ధరలో) ఎన్నడూ కనిపించకపోయినా ఈ క్యాండిల్ హై అదే.

రికార్డ్ చేయడానికి ఆరు ఇన్‌స్ట్రుమెంట్లు చాలు: నిఫ్టీ ఫ్యూచర్, ఆ వారం ఏటీఎం (ప్రస్తుత ధరకు దగ్గరి స్ట్రైక్) కాల్, పుట్, ప్రస్తుత ధరకు దూరంగా ఉన్న ఒక ఓటీఎం ఆప్షన్, రిలయన్స్ లాంటి పెద్ద షేరు, రోజుకు కొన్ని వందల ట్రేడులే జరిగే ఒక చిన్న షేరు. నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ 2025 సెప్టెంబరు నుంచి మంగళవారం, కాబట్టి ఆ రోజు తప్పనిసరి. సోమవారం నున్నగా నడిచిన ఫీడ్ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు నత్తనడక నడవచ్చు. ఇండెక్స్ టిక్‌ను (నిఫ్టీ సూచీకి వచ్చే ధర ప్యాకెట్‌ను) పోలికకు వాడకండి. దానికి వాల్యూమూ బిడ్-ఆస్కూ (కొనేవాళ్ళ, అమ్మేవాళ్ళ ధరలు) ఉండవు.

రెండు ఫీడ్‌లనూ ఒకే మెషీన్ మీద, ఒకేసారి ఎక్కించాలి. అప్పుడు సిస్టమ్ గడియారం రెండు సెకన్లు తప్పున్నా ఆ తప్పు రెండింటికీ సమానమే కాబట్టి పోలిక చెడదు. ఒక్కో టిక్‌కు రాసుకోవలసినవి: ప్యాకెట్ మన దగ్గరికి చేరిన టైము మిల్లీసెకన్లతో, ఫీడ్ పేరు, టోకెన్ (ఇన్‌స్ట్రుమెంట్ నంబరు), ఎల్‌టీపీ, రోజు వాల్యూమ్, బెస్ట్ బిడ్, బెస్ట్ ఆస్క్, ఎక్స్ఛేంజ్ టైము.

టిక్ వచ్చినప్పుడు పిలిచే ఫంక్షన్‌లో ఏ లెక్కా చెయ్యకండి, ఫైల్ కూడా రాయకండి. వచ్చినదాన్ని క్యూలో పడేసి వెంటనే బయటికి రావాలి. ఇంకో థ్రెడ్ (పక్కనే సమాంతరంగా నడిచే కోడ్) సెకనుకోసారి అన్నీ కలిపి డిస్క్‌కు రాస్తుంది. ఈ ఒక్క నియమం తప్పితే బఫర్ నిండి టిక్‌లు పది, ఇరవై సెకన్లు వెనకబడతాయి, లేదా సర్వరే కనెక్షన్ తెంపేస్తుంది. "ఫీడ్ స్లో" అన్న ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడే.

ఇక కొలత. ఎక్స్ఛేంజ్ టైమును నమ్ముకుంటే కుదరదు. జెరోధా ఏపీఐ అయిన కైట్ కనెక్ట్ లాంటి వాటిలో అది పూర్తి సెకన్లలోనే వస్తుంది, మనకు కావలసింది సెకనులో భాగాలు. దానికి బదులు రోజు వాల్యూమ్‌ను కొలబద్దగా పెట్టుకోవాలి. అది పెరగడమే తప్ప తగ్గదు, రెండు ఫీడ్‌లకూ మూలం ఒకటే. ఫ్యూచర్ వాల్యూమ్ 41,60,000 దాటిందని ఒక ఫీడ్ 10:02:07.310కి, రెండోది 10:02:07.845కి మొదటిసారి చూపిస్తే ఆ క్షణాన రెండోది 535 మిల్లీసెకన్లు వెనక ఉన్నట్టు. ఇలాంటి మైలురాళ్ళు రోజుకు వేయి తీసుకుని, తేడాలను చిన్న నుంచి పెద్దకు పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్నీ 950వ దాన్నీ చూడండి. సగటు వద్దు, ఒక్క డిస్‌కనెక్షన్ దాన్ని పాడుచేస్తుంది. 9:15 నుంచి 9:20 వరకు విడిగా లెక్కకట్టండి. మధ్య విలువలో 100 మిల్లీసెకన్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు. 950వ విలువ మూడు సెకన్లుంటే మాత్రం ఆ ఫీడ్ మీద స్టాప్‌లాస్ పెట్టకూడదు.

సాయంత్రం భావ్‌కాపీతో సరిచూడండి. 2024 జులై నుంచి దాని ఫార్మాట్ మారింది. పాత కోడ్ కాలమ్ పేర్ల దగ్గర ఆగిపోతుంది. వాల్యూమ్ తేడా వస్తే ముందు మీ రికార్డింగ్ ఎప్పుడు ఆపారో చూసుకోండి, 3:30 తర్వాత పోస్ట్-క్లోజ్ సెషన్ ట్రేడులు కూడా మొత్తంలో కలుస్తాయి. ఓపెన్ కాలమ్‌లో ఉండేది 9:15కు ముందు జరిగే ప్రీఓపెన్ వేలంలో తేలిన ధర, మీ తొలి టిక్ కాదు. ఆ వేలంలో కుదిరిన వాల్యూమ్‌ను తీసేయకపోతే మొదటి క్యాండిల్ ఉబ్బిపోతుంది. క్లోజ్ కాలమ్‌ను మీ చివరి టిక్‌తో పోల్చకండి, ఏళ్ళుగా చాలా షేర్లకు అది చివరి అరగంట ట్రేడుల సగటు. పక్కన చివరి ధర కాలమ్ వేరే ఉంటుంది.

నెట్ ఎంత కావాలో కాగితం మీదే తేలుతుంది. కైట్‌లో ఫుల్ మోడ్ (డెప్త్‌తో సహా) ప్యాకెట్ 184 బైట్లు, ఎల్‌టీపీ మోడ్‌లో (చివరి ధర మాత్రమే) 8. ఒక కనెక్షన్‌కు 3,000 ఇన్‌స్ట్రుమెంట్ల వరకు అనుమతి. అన్నిటికీ సెకనుకు ఒక్కో ప్యాకెట్ వచ్చినా ఫుల్ మోడ్‌లో 5,52,000 బైట్లు, అంటే 4.4 మెగాబిట్లు, ఎల్‌టీపీలో 24,000 బైట్లే. ట్రేడ్ చేసే పది స్ట్రైక్‌లకు ఫుల్, మిగతావాటికి ఎల్‌టీపీ పెట్టుకుంటే మామూలు బ్రాడ్‌బ్యాండ్ చాలు. వరంగల్‌లోనో విజయవాడలోనో ఇంటి నుంచి నడిపేవాళ్ళకు అసలు బెడద స్పీడ్ కాదు, కరెంటు. కోడ్‌ను ముంబయి రీజియన్‌లోని చిన్న క్లౌడ్ సర్వర్‌లో పెట్టడం మేలు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 ఫిబ్రవరి సర్క్యులర్ ప్రకారం ఏపీఐ ఆర్డర్లకు బ్రోకర్ దగ్గర నమోదైన స్టాటిక్ ఐపీ (మారని నెట్ చిరునామా) ఎలాగూ కావాలి.

కోడ్‌లో మళ్ళీ మళ్ళీ దెబ్బకొట్టేవి కొన్ని ఉన్నాయి. కైట్ బైనరీ ప్యాకెట్‌లో ఈక్విటీ ధరలు పైసల్లో వస్తాయి, వందతో భాగించాలి. లాగిన్ టోకెన్ మర్నాడు ఉదయం ఆరింటికి చెల్లదు. రీకనెక్ట్ అయ్యాక ఏ ఇన్‌స్ట్రుమెంట్లు కావాలో మళ్ళీ పంపకపోతే కనెక్షన్ పచ్చగానే కనిపిస్తుంది, టిక్ ఒక్కటీ రాదు. ఇన్‌స్ట్రుమెంట్ ఫైల్‌ను రోజూ పొద్దున దించుకోవాలి. ఎక్స్‌పైరీ అయిన కాంట్రాక్ట్ టోకెన్‌ను ఎక్స్ఛేంజ్ ఇంకోదానికి ఇవ్వవచ్చు. కదలని ఓటీఎంలో ఎల్‌టీపీ ఇరవై నిమిషాల క్రితందై ఉండవచ్చు, అక్కడ బిడ్-ఆస్క్ మధ్య ధర చూడండి. అన్ని ధరలనూ 5 పైసలకు రౌండ్ చేసే పాత అలవాటు కూడా మానాలి: 2024 జూన్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో 250 రూపాయల లోపు షేర్లకు టిక్ సైజు ఒక పైసా.

ట్రూడేటా, గ్లోబల్ డేటాఫీడ్స్ లాంటి ఆథరైజ్డ్ వెండర్ల దగ్గర ఎక్కువ డబ్బు కట్టడానికి సరైన కారణం వేగం కాదు, బ్యాక్‌ఫిల్. పదకొండింటికి నెట్ పోయి పదకొండుంబావుకు వస్తే మధ్యలోని క్యాండిల్స్ అమీబ్రోకర్ (చార్ట్ సాఫ్ట్‌వేర్)లో వాటంతటవే నిండుతాయి. బ్రోకర్ ఏపీఐతో ఆ పని మీరే రాసుకోవాలి. ధర అడిగేటప్పుడు క్యాష్ (షేర్లు), ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు), ఎంసీఎక్స్ (కమోడిటీలు) విడివిడిగా అడిగి, పైన 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. టెలిగ్రామ్‌లో చవగ్గా దొరికే "ఎన్‌ఎస్‌ఈ లైవ్" జోలికి పోవద్దు: ఎవరి టెర్మినల్ నుంచో లాగిన డేటా అది, లైసెన్స్ ఉండదు, కావలసిన రోజే ఆగిపోతుంది. మీ ఫీడ్‌ను గ్రూపులో పంచడమూ అంతే తప్పు. మూడో వ్యక్తులకు లైవ్ ధరలు ఇవ్వడంపై సెబీ 2024 మేలో షరతులు పెట్టింది.

ఏది ఎంచుకున్నా రెండో బ్రోకర్ ఫీడ్ ఒకటి పక్కన నడవనివ్వండి. ఏంజెల్ వన్ స్మార్ట్‌ఏపీఐ లాంటి ఉచితమైనవి దీనికి చాలు. నిఫ్టీ ఫ్యూచర్‌లో మార్కెట్ వేళ ఐదు సెకన్లు టిక్ రాకపోతే కోడ్ రెండోదానికి మారాలి, కొత్త ఎంట్రీలు ఆపాలి. సర్వర్ పంపే హార్ట్‌బీట్ సంకేతం వస్తోంది కదా అని ఊరుకోవద్దు. అది కనెక్షన్ బతికుందని చెబుతుందంతే, డేటా వస్తోందని కాదు.