సైరన్ ఎటు నుంచి? – మూడో పాఠం: ముందా, వెనకా

గత పాఠంలో కళ్లు మూసుకుని, శబ్దం కుడి నుంచి వస్తోందా ఎడమ నుంచి వస్తోందా అని గుర్తించడం సాధన చేశాము. అది చాలామందికి తేలికగానే పట్టుబడి ఉంటుంది. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవిని చేరాక రెండో చెవిని చేరడానికి దాదాపు 0.6 మిల్లీసెకన్లు పడుతుంది, అంత చిన్న తేడాను కూడా మన మెదడు పసిగట్టగలదు.

అసలు చిక్కు ఈ పాఠంలోనిది. మీకు సరిగ్గా ఎదురుగా వచ్చే 108 వాహనం మోతా, సరిగ్గా వెనక నుంచి వచ్చేదాని మోతా రెండు చెవులకూ ఒకేసారి, ఒకే గట్టిదనంతో చేరుతాయి. ఆ రెంటినీ వేరుచేసి చెప్పేది చెవిదొప్ప మడతలు. కానీ అవి సన్నని, కీచుమనే ధ్వనుల విషయంలోనే బాగా పనిచేస్తాయి. సైరన్ బలమంతా చాలావరకు 500 నుంచి 1800 హెర్ట్జ్‌ల మధ్యనే ఉంటుంది, మిగిలిన కాస్త కీచుదనాన్ని మూసిన కారు అద్దాలు మింగేస్తాయి. నెల్లూరు ట్రంకురోడ్డు వంటి చోట అంగళ్ల గోడలకు తగిలి తిరిగొచ్చే మోత, బస్సు అడ్డుపడిన అసలు మోతకన్నా గట్టిగా వినిపించవచ్చు. అందుకే దిక్కు తెలియక నడిరోడ్డు మీద బ్రేకు తొక్కేవారిని నేను తప్పుపట్టలేను. వారికి ఇది ఎవరూ నేర్పలేదు.

సైరన్ వినగానే పాటలు ఆపి, ముందరి అద్దాలు రెండూ దించండి. కుడి అద్దం ఒక్కటే దించితే మోతంతా ఆ సందులోంచే వచ్చి, బండి కుడివైపే ఉందన్న భ్రమ కలుగుతుంది. తరువాత, చూపు రోడ్డు మీదనే ఉంచి, తలను కొద్దిగా ఎడమకు తిప్పండి. మోత కుడి చెవిలో పెరిగినట్లనిపిస్తే బండి ముందు ఉంది, ఎడమ చెవిలో పెరిగితే వెనక ఉంది. ఆ వెంటనే వెనక అద్దంలో చూసి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే చెవి ఇచ్చేది అనుమానమే.

సాధనకు ఖాళీ మైదానంలో కారు నిలిపి, ఇంజన్ ఆపి, కళ్లు మూసుకోండి. మిత్రుడొకరు ముప్పై అడుగుల దూరంలో, ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి, వరుస చెప్పకుండా ఫోనులో సైరన్ మోగించాలి. మొదట తల కదపకుండా పదిసార్లు, తరువాత తల తిప్పుతూ పదిసార్లు జవాబు చెప్పి, రెండు లెక్కలనూ నోటుపుస్తకంలో విడివిడిగా రాసుకోండి. నాలుగో పాఠంలో ఇదే సాధనను అద్దాలు మూసి చేస్తాము.