పొట్టి కుదురె కుదురుగా నిలబడాలంటే

కన్నడంలో గుర్రాన్ని ‘కుదురె’ అంటారు. మా అమ్మాయి స్వారీ నేర్చుకునే చోట, యలహంక దాటి దేవనహళ్లి వైపు వెళ్లే దారిలో, ఆ మాట పొద్దస్తమానం వినబడుతుంది. తెలుగు చెవికి అందులో ‘కుదురు’ ఉన్నట్టు తోస్తుంది గానీ, అక్కడి పొట్టి గుర్రానికి మొదట్లో ఆ గుణం ఏ కోశానా లేదు. అది షెట్లాండ్ పోనీ, అంటే స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల పొట్టి గుర్రం. షెట్లాండ్ పోనీ అంటే మొండిది, కరుస్తుంది, పిల్లల్ని పడదోస్తుంది అన్న పేరు షో రింగుల్లో, అంటే గుర్రాల పోటీలు జరిగే బరుల్లో, ఎప్పటి నుంచో స్థిరపడిపోయింది. ఆ పేరు తెచ్చిపెట్టింది చాలావరకు మనుషులేనని నా అభిప్రాయం. అందుకే పిల్లల చేత ఇలాంటి పోనీని రింగులోకి నడిపించదలచిన తల్లిదండ్రులు ఏం చేయాలో, ఏం మానుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మీ ముందున్నది నిజంగా షెట్లాండేనా అని చూసుకోవాలి. మన దగ్గర నడుం ఎత్తు దాటని ప్రతి పోనీనీ ఆ పేరుతోనే పిలిచేస్తారు. ఈ జాతి వంశావళిని నమోదు చేసే బ్రిటన్‌లోని షెట్లాండ్ పోనీ స్టడ్ బుక్ సొసైటీ 1890లో ఏర్పడింది. ఆ సంస్థ ప్రమాణం ప్రకారం నాలుగేళ్లు నిండిన పోనీ మూపు దగ్గర 42 అంగుళాలు మించకూడదు. తల చిన్నదిగా, నుదురు వెడల్పుగా, నడుం పొట్టిగా, గిట్టలు గట్టిగా గుండ్రంగా ఉండాలి. మచ్చల గుర్రాల్లో కనిపించే చుక్కల రంగు తప్ప ఏ రంగైనా ఫరవాలేదు. అమెరికాలో అదే పేరు గల పోనీ వేరే దారి పట్టింది. అక్కడ హాక్నీ అనే బండి గుర్రపు జాతి రక్తం కలిపి, కాళ్లు ఎత్తెత్తి వేసే సన్నని పోనీని తయారుచేశారు, ఎత్తు పరిమితినీ 46 అంగుళాలకు పెంచారు. పత్రాలు లేని సంకరజాతి పోనీ అయినా బాధపడనక్కరలేదు. పిల్లల స్వారీని చూసే తరగతుల్లో వంశావళి కంటే నడవడికే ఎక్కువ విలువ ఉంటుంది.

మొండితనం ఈ జాతి రక్తంలోనే ఉందనేవారికి బొగ్గుగనుల చరిత్ర ఒక జవాబు. బ్రిటన్‌లో 1842 నాటి గనుల చట్టం స్త్రీలను, పదేళ్లలోపు బాలురను భూగర్భంలో పనిచేయకుండా నిషేధించింది. ఆ తర్వాత ఇరుకు సొరంగాల్లో బొగ్గు బళ్లు లాగడానికి షెట్లాండ్ దీవుల నుంచి పోనీలను పెద్ద సంఖ్యలో తెప్పించారు. చీకట్లో, పక్కకు తిరిగే చోటు కూడా లేని దారిలో కుర్రవాళ్ల వెంట రోజంతా నడవడం పొగరుబోతు జంతువు వల్ల అయ్యే పని కాదు. తేడా ఎక్కడంటే, గనిలో దానికి రోజూ పని ఉండేది, హద్దులూ ఉండేవి. మనం ఆ రెండూ తీసేసి, బదులుగా బెల్లం పెడుతున్నాం.

బెల్లం సంగతి నాకు అనుభవమే. నిరుడు ఒక చిన్న పోటీకి ముందు నెల రోజుల పాటు వెళ్లిన ప్రతిసారీ చొక్కా జేబులోంచి బెల్లం ముక్క తీసి మా అమ్మాయి పోనీ నోటికి అందించేవాణ్ణి. పోటీనాడు మా అమ్మాయి పగ్గం పట్టుకుని నిలబెట్టగానే అది న్యాయనిర్ణేత వైపు చూడనైనా లేదు. మెడ సాచి ఆయన కోటు జేబును ముట్టెతో తడిమింది, ఏమీ దొరక్కపోయేసరికి జేబు అంచును పళ్లతో పట్టుకుంది. అమ్మాయి వెనక్కి లాగింది, అది తల విదిలించింది, ఆయన జేబు కుట్టు ఊడి వేలాడింది. పక్కనున్నవారు ‘షెట్లాండ్ కదా మరి’ అని నవ్వారు. తప్పు నాదని నేనొక్కడినే ఎరుగుదును. తినడానికి ఏదైనా పెట్టదలిస్తే తొట్టిలోనే వేయాలి, చేత్తో నోటికి ఎన్నడూ అందించకూడదు.

శిక్షణలో అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ అశ్రద్ధ చేసేది, పగ్గంతో నడిపించడం. స్వారీ మొదలుపెట్టకముందే రోజుకు పదిహేను నిమిషాలు దీనికి కేటాయించాలి. పిల్లవాడు పోనీకి ఎడమ పక్కన, దాని భుజం సరసన నడవాలి. ముందుకు వెళ్లి లాగకూడదు, వెనుదిరిగి దాని కళ్లలోకి చూడనూకూడదు, ఎందుకంటే అలా చూడటం దానికి ఆగమన్నట్టే అర్థమవుతుంది. పగ్గం మిగులును ముంజేతికి చుట్టుకోకుండా మడతలుగా పట్టుకోవాలి. రెండు వందల కిలోల జంతువు ఒక్కసారి పరుగందుకుంటే చుట్టిన పగ్గం చేతిని వదలదు. తిప్పేటప్పుడు పోనీని తన మీదికి లాక్కోకుండా కుడివైపుకు, అంటే తనకు దూరంగా నెట్టాలి. దీనివల్ల కాలు తొక్కించుకునే ప్రమాదం తప్పుతుంది, న్యాయనిర్ణేతకు దాని నడక కూడా అడ్డం లేకుండా కనబడుతుంది. గడ్డి కోసం తల వంచబోతే, వంచిన తర్వాత గుంజుకోవడం పిల్లల బలానికి మించిన పని. చెవులు గడ్డి వైపు తిరిగిన క్షణంలోనే అడుగు ముందుకు వేయించాలి. పెద్ద గుర్రం చేస్తే మనం సహించని పనిని పొట్టిది చేసినప్పుడు ‘ముద్దొస్తోంది’ అని వదిలేయడమే దీని చెడ్డపేరుకు అసలు మూలం.

మేత విషయంలో మన సంప్రదాయ జ్ఞానం కొంత దారి తప్పిస్తుంది. ఉలవలు గుర్రానికి బలమన్న మాట బండి లాగే గుర్రానికి సరిపోతుంది. హీథర్ పొదలు, పలచని గడ్డి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు పాచి తిని బతికిన జాతికి ఉలవలూ దాణా అవసరమే రావు. బెంగళూరు వానలకు ఏపుగా పెరిగే పచ్చి నేపియర్ గడ్డిని విచ్చలవిడిగా పెడితే లామినైటిస్ వస్తుంది. అంటే గిట్ట లోపలి పొర వాచి, పోనీ బరువంతా వెనక్కాళ్ల మీద మోపి, ముందుకాళ్లు చాచి నిలబడుతుంది. మెడ మీది కొవ్వు గట్టిపడుతుంటేనే మేత తగ్గించాలని తెలుసుకోవాలి. శరీర బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండుమేత, అంటే రోజుకు మూడు నాలుగు కిలోలు చాలు. అలాగని పోటీ దగ్గరపడిందని ఒక్కసారిగా కడుపు మాడ్చకూడదు. లావెక్కిన పోనీకి మేత ఆపేస్తే రక్తంలో కొవ్వు పెరిగిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

అలంకారానికి చేయవలసింది తక్కువ. షెట్లాండ్‌ను సహజంగా చూపడమే ఆనవాయితీ కాబట్టి జూలు కత్తిరించరు, జడలు అల్లరు, మడమల దగ్గరి వెంట్రుకలనూ ఉంచేస్తారు. గొరపంతో మట్టి రాల్చి, రెండు రోజుల ముందు కడిగి, తోకను వేళ్లతో చిక్కు తీస్తే సరిపోతుంది. గుర్రాన్ని చూసుకునే మా సయీసు దానికి కొబ్బరినూనె పట్టిస్తానన్నాడు. ఎర్రమట్టి నేల మీద ఆ నూనె ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు.

పోటీ రోజున గంట ముందే చేరుకుని, వాహనం నుంచి దింపాక పది నిమిషాలు ఊరికే నడిపించాలి. టెటనస్, ఇన్‌ఫ్లుయెంజా టీకాల వివరాలు, గ్లాండర్స్ అనే అంటువ్యాధి లేదని తేల్చే పరీక్ష పత్రం దగ్గర ఉంచుకోవాలి. రింగులో నిలబెట్టేటప్పుడు న్యాయనిర్ణేత వైపు నుంచి నాలుగు కాళ్లూ కనబడేలా, ఆ వైపు ముందుకాలు కాస్త ముందుకు, వెనుకకాలు కాస్త వెనక్కి ఉండేలా చూడాలి. ముందుకాలు సరిచేయడానికి కాలిని పట్టి జరపకుండా, పోనీని ఒక అడుగు వెనక్కో ముందుకో వేయించాలి. నడిపించమన్నప్పుడు తిన్నగా వెళ్లి, తిప్పి, ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, తిన్నగా రావాలి. వంకర నడక మంచి కీళ్లను కూడా చెడ్డవిగా చూపిస్తుంది. ప్రమాణంలో అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఉత్సాహం గురించి కాబట్టి, చెవులు నిక్కబొడుచుకునేలా చేతిలో రెండు గడ్డిపరకలు మెల్లగా కదిలించవచ్చు, తినిపించకుండా.

ఎంత శిక్షణ ఇచ్చినా ఏదో ఒకటి జరగవచ్చు. 2017లో స్టర్లింగ్ కోట వద్ద రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ అనే సైనికదళం తన మస్కట్‌గా, అంటే గుర్తు జంతువుగా, ఉంచుకున్న షెట్లాండ్ పోనీ, సైనికుల క్రమశిక్షణలో ఉంటూనే, రాణి ఎలిజబెత్ చేతిలోని పూలగుత్తిని కొరకబోయింది. అటువంటప్పుడు కొట్టకూడదు, నవ్వకూడదు, క్షమాపణలు చెబుతూ నిలబడిపోకూడదు. పోనీని కుడివైపుకు ఒక చిన్న చుట్టు తిప్పి, మళ్లీ అదే చోట నిలబెట్టి, పగ్గం కొద్దిగా వదులు చేయాలని పిల్లవాడికి ముందే నేర్పాలి. మా అమ్మాయి మొన్నటి పోటీలో ఆ చుట్టు రెండుసార్లు తిప్పింది. మూడోసారి న్యాయనిర్ణేత దగ్గరికి వచ్చినప్పుడు అది ఆయన జేబు వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.