పెరటి పూలతో, ఆకులతో వంట – ఐదవ పాఠం: గుమ్మడిపువ్వు దగ్గరే ఇంకొంతసేపు

ఈ పాఠంలో మునగపువ్వు కూర, వామాకు వాడకం చెప్పాలని అనుకున్నాను. అయితే గత పాఠం చదివి గుమ్మడిపూల బజ్జీలు వేసి చూసినవారిలో చాలామంది మూడు ఇబ్బందులు రాశారు: పిండి పువ్వును పట్టుకోకుండా నూనెలో విడిపోయిందని, కొన్ని బజ్జీలు చేదెక్కాయని, ఆ తరువాత పాదుకు ఒక్క కాయా నిలవలేదని. చివరిదానివల్ల పాదుకే నష్టం కనుక ముందు దాని సంగతి చూద్దాం.

గుమ్మడికి మగపూలు, ఆడపూలు ఒకే పాదు మీద వేరువేరుగా పూస్తాయి. మగపువ్వు సన్నని పొడవాటి కాడ మీద నిలబడుతుంది. ఆడపువ్వు కాడ పొట్టిగా ఉంటుంది, రేకుల కింద గుండ్రని చిన్న పిందె కనబడుతుంది. వంటకు కోయవలసినవి మగపూలు. గత పాఠం చదివి కొందరు పెద్దగా, నిండుగా ఉన్నాయని ఆడపూలు కోశారు. మరికొందరు మగపూలనే కోశారు గాని ఒక్కటీ మిగల్చలేదు. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్క ఉదయమే. ఆ పూట పుప్పొడి అందకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. పైగా విశాఖ సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో మూడో అంతస్తు డాబా మీద తొట్టెలో పాకే పాదు దగ్గరకు తేనెటీగలు వస్తాయన్న భరోసా లేదు. అందుచేత నేను ఎప్పుడూ చేసే పని ఒకటి చెబుతాను. ఉదయం మగపువ్వు కోయగానే రేకులను జాగ్రత్తగా విడదీసి గిన్నెలో వేసుకుంటాను. మిగిలిన పుప్పొడి కాడను అప్పుడే విచ్చుకున్న ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా రాస్తాను. రేకులు వంటకు వస్తాయి, పుప్పొడి కాయకు పనికొస్తుంది. బజ్జీకి రేకులు విడదీయని పువ్వు కావాలనుకునేవారు ఆ ఉదయానికి ఒక మగపువ్వును పాదు మీదే వదిలివేయండి.

చేదు సంగతి రెండు రకాలు. పువ్వు నడుమనున్న పుప్పొడి కాడను, అడుగున ముళ్ళలా పొడుచుకువచ్చే ఆకుపచ్చ రక్షకపత్రాలను తీయకపోతే కొంచెం వగరు, కొంచెం చేదు తగులుతాయి. వాటిని గిల్లివేస్తే సరిపోతుంది. అలా తీసిన తరువాత కూడా పచ్చి రేకు అంచు నాలుకకు గట్టిగా చేదు తగిలితే ఆ పాదు పూలను, కాయలను వంటకు వాడకండి. గుమ్మడి, ఆనప, బీర, దోస జాతులన్నిటిలోనూ కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఒక్కోసారి ఎక్కువగా తయారవుతుంది. అది ఉడికించినా వేయించినా పోదు, వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది.

ఇక పిండి విడిపోవడానికి కారణం నీళ్ళు. పూలను తోటకూర కడిగినట్టు గమేలాలో ముంచి మూడుసార్లు పిసికి కడిగామని రాసినవారే ఎక్కువ, నాకు నిజంగా బాధ కలిగించిన విషయం ఇదే. గుమ్మడి రేకు బయటివైపు సన్నని నూగు ఉంటుంది. అందులో చిక్కిన నీటిబొట్టు చూపుకు అందదు. నూనెలో పడగానే ఆవిరై పిండిని బయటకు నెడుతుంది. పిండి విడిపోయిన చోట రేకు నూనె తాగుతుంది, బజ్జీ మెత్తబడుతుంది. విశాఖలో సముద్రపు గాలి తేమగా ఉంటుంది కనుక కడిగిన పువ్వు బట్ట మీద ఆరబెట్టినా త్వరగా ఆరదు, ఆరేలోపు వాడిపోతుంది. మీ పాదుకు మీరు పురుగుమందు కొట్టలేదు. అటువంటి పువ్వును నీళ్ళలో ముంచవలసిన అవసరం లేదు. కాడ పట్టుకుని తలకిందులుగా రెండుసార్లు తట్టండి, చీమలు రాలిపోతాయి. తడిపి గట్టిగా పిండిన పలుచని గుడ్డతో బయటివైపు ఒక్కసారి అద్దండి. మూసుకున్న పువ్వులో తేనెటీగ చిక్కుకుని ఉండవచ్చు కనుక ఒక పక్కన రేకును కొంచెం తెరిచి చూడండి. వాన కురిసిన ఉదయం బజ్జీ ఆలోచన మానుకుని పూలను పెసరపప్పు కూరలో వేయండి. ఉప్పు కూడా రేకులోని నీటిని బయటకు లాగుతుంది. అందువల్ల పువ్వు మీద ఉప్పు చల్లకండి, పిండిలోనే కలపండి. కరివేపాకుకూ ఇదే మాట వర్తిస్తుంది, తడి రెబ్బ పోపులో పడితే నూనె చిటపటలాడి చేతి మీదకు చిందుతుంది.

పిండిలో మార్పు ఒకటి సూచిస్తాను. కప్పు శనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, కారం సరిపోతాయి. వంటసోడా నాకు ఇష్టం లేదు, నూనె ఎక్కువ పీలుస్తుంది. వాము బదులు కుండీలోని వామాకులు రెండు సన్నగా తరిగి కలపండి. వామాకు ఘాటు బలమైనది, మూడోది వేస్తే పువ్వు రుచి తెలియదు. పిండిని నూనె కాగిన తరువాతే కలపండి.

మునగపువ్వుకు మాత్రం కడగడం తప్పదు, ఎందుకంటే దానిని చెట్టు కింద గుడ్డ పరిచి రాలినవి ఏరుకోవడమే మంచిది. గుత్తులు తుంచితే ములక్కాడలు పోతాయి. ఉప్పునీటిలో కడిగి, నీరు పిండేసి, అరగంట నానిన పెసరపప్పుతో పాటు పోపులో వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద మగ్గనిచ్చి, దించేముందు వేయించిన నువ్వుల పొడి చల్లండి.

పూర్ణా మార్కెట్‌లో పూజకు కొన్న పూలను వంటలో వాడవచ్చా అని కొందరు అడిగారు. వాడకూడదు, ఆ పూలను తినడానికి పండించరు, వాటికి మందులు కొడతారు. గన్నేరు, ఉమ్మెత్త మీ పెరట్లోనే పూసినా విషమే. వంట పూలు ఏరే గిన్నెలోకి కూడా వాటిని రానివ్వకండి.

అభ్యాసం ఈసారి కొంచెం కష్టమైనది. వరుసగా ఏడు రోజులు తెల్లవారకముందే పాదు దగ్గరకు వెళ్ళి, పువ్వు ఎన్ని గంటలకు విచ్చుకుంది, ఎన్ని గంటలకు ముడుచుకుంది, ఆ రోజు మగపూలెన్ని, ఆడపూలెన్ని అని రాసిపెట్టండి. ఆ వారమంతా ఒక్క పువ్వూ కోయకండి. ఎనిమిదో రోజు రెండు మగపూలు మాత్రమే కోసి, ఒకదానిని కడిగి, ఒకదానిని గుడ్డతో అద్ది, ఒకే పిండిలో ముంచి ఒకే నూనెలో వేయించి పక్కపక్కన పెట్టి విరిచి చూడండి. ఆ తేడా రాసుకున్నవారే ఆరవ పాఠంలోని అవిసెపువ్వు మొదలుపెట్టండి.