చదువు మీద ఫొటో సిరీస్ ఎలా చేయాలి? పుస్తకం పట్టుకున్న పిల్లాడి ఫొటో ఒక్కటే కాకుండా

"చదువు" అని థీమ్ ఇచ్చి ఫొటోలు పంపమంటే పదిలో ఎనిమిది ఒకేలా వస్తాయి, కిటికీ పక్కన పుస్తకం, తలొంచుకున్న పిల్లాడు, పైనుంచి కాస్త వెలుతురు. బాగానే ఉంటుంది కానీ ఆ ఫొటో ఇప్పటికే లక్షమంది తీసేశారు. మన చుట్టూ జనం చదివే తీరు అంతకంటే చాలా రకాలుగా ఉంది, వాటిని ఫోన్‌తోనో మామూలు కెమెరాతోనో పది పన్నెండు ఫొటోల్లో ఎలా పట్టుకోవాలో నాకు తెలిసిన పద్ధతి చెప్తా.

స్టెప్ 1: ముందు లిస్ట్ రాసుకోండి, కెమెరా తర్వాత

ఒక కాగితం మీద మీ ఊళ్లో ఎవరెవరు ఏమేం నేర్చుకుంటున్నారో రాయండి. స్కూలు, కాలేజీ మొదటి రెండు లైన్లలో అయిపోతాయి, అసలు సరుకు ఆ తర్వాతే వస్తుంది. హైదరాబాద్ అయితే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు, 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పెద్ద గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేసే రీసెర్చ్ వాళ్లు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ గైడు బేరమాడే స్టూడెంట్లు. కోస్తాలో ఉంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918 నాటిది, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పోచంపల్లి వైపు వెళ్తే గ్రాఫ్ పేపర్ మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ చీర డిజైన్ చదివే నేతన్న కనిపిస్తాడు, నన్నడిగితే అదీ చదువే. వేద పాఠశాల, మదరసా, కుట్టు మిషన్ సెంటర్, డ్రైవింగ్ స్కూలు, ఇలా రాసుకుంటూ పోండి.

ఇరవై దాకా రాసి అందులో ఆరో ఏడో ఉంచుకోండి. ఒకదానికొకటి పోలిక లేనివైతేనే సిరీస్‌కి బలం. లైబ్రరీలు నాలుగు పెడితే అది లైబ్రరీల ఆల్బమ్ అయిపోతుంది.

స్టెప్ 2: అడగండి

ఇది దాటేసే స్టెప్ కాదు. పిల్లలైతే అమ్మానాన్నల్నీ టీచర్నీ ఇద్దర్నీ అడగాలి, ఆన్‌లైన్‌లో పెడతామన్న సంగతి కూడా ముందే చెప్పాలి. హాస్టల్ పిల్లల మొహాలు అసలు వద్దు, చేతులో వీపులో తీస్తే చాలు. లైబ్రరీలో అయితే లైబ్రేరియన్‌ని కలిసి "సార్, ఫ్లాష్ వేయను, సౌండ్ ఆఫ్‌లో పెడతా" అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. పరీక్ష హాల్ జోలికి మాత్రం వెళ్లకండి, కావాలంటే గేటు బయట కూర్చున్న తల్లిదండ్రుల్ని అడిగి తీయండి. చేతిలో వాటర్ బాటిల్, ఒళ్లో పిల్లాడి బ్యాగు, మూడు గంటలు ఎండలో అలా కూర్చుంటారు. నా లెక్కలో లోపలి ఫొటో కంటే ఇదే మంచి ఫొటో.

స్టెప్ 3: ఒక్కో చదువుకీ గుర్తు ఎక్కడుందో వెతకండి

దీనికే ఎక్కువ టైమ్ ఇవ్వండి. మనిషి మొహాన్ని చూస్తే ఏం చదువుతున్నాడో తెలీదు, చేతుల్ని, చుట్టూ ఉన్న వస్తువుల్ని చూస్తే తెలుస్తుంది. పోటీ పరీక్షల వాళ్ల దగ్గరికెళ్తే టేబుల్ చూడండి, టిఫిన్ బాక్స్, ఇయర్ ప్లగ్స్, నాలుగు రంగుల హైలైటర్లు, అంచులు నలిగిపోయిన కరెంట్ అఫైర్స్, సీటు పోకుండా పొద్దున్నే పెట్టెళ్లిన బ్యాగు. నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే చదువు ఎలా ఉంటుందో ఆ టేబుల్ చెప్పేస్తుంది.

వేద పాఠశాలలో గుర్తు ఇంకోలా ఉంటుంది. గురువు ఒకసారి చెప్తే శిష్యులు రెండుసార్లు అనే పద్ధతి, సంత చెప్పడం అంటారు, ఎదురుగా పుస్తకం ఉండదు, కాబట్టి గురువు పెదవీ శిష్యుడి చూపూ ఒకే ఫ్రేమ్‌లో రావాలి. మదరసాలో కంఠస్థం చేసే పిల్లలు ముందుకూ వెనక్కీ ఊగుతుంటారు, షట్టర్ 1/15 (సెకనులో పదిహేనో వంతు) దగ్గర పెట్టి కెమెరాని గోడకో టేబుల్‌కో ఆనించి తీస్తే పిల్లలు కదులుతూ, ముందున్న రెహెల్ (ఖురాన్ పెట్టుకునే చెక్క స్టాండు) కదలకుండా వస్తుంది, కాస్త బ్లర్‌లో మొహాలు కూడా గుర్తుపట్టేలా ఉండవు కదా, అదీ ఒకందుకు మంచిదే.

బ్రెయిల్ చదువు, అంటే చూపులేనివాళ్లు ఉబ్బెత్తు చుక్కల్ని వేళ్లతో తడిమి చదవడం, తీయాలనుకుంటే ఓపిక కావాలి. పై లైట్ వేసి తీస్తే తెల్ల కాగితం తప్ప ఏమీ కనపడదు, చుక్కలు మాయం. అన్ని లైట్లూ ఆపేసి, కాగితాన్ని కిటికీకి పక్కగా, వెలుతురు దాదాపు కాగితాన్ని రాసుకుంటూ వెళ్లేలా పెట్టండి, అప్పుడు ప్రతి చుక్క పక్కనా చిన్న నీడ పడుతుంది. ఫోకస్ గోరు మీద కాదు, వేలికొన కింద ఉన్న చుక్కల మీద పెట్టాలి. ఇంకో విషయం, పలకా స్టైలస్‌తో (చుక్కలు పొడిచే మొన) బ్రెయిల్ రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి పొడుస్తారు, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు. రాసే చేయి ఒకటి, చదివే చేయి ఒకటి, రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెడితే క్యాప్షన్ కూడా పెద్దగా అక్కర్లేదు.

అక్షరాభ్యాసం అందరూ తీస్తారు, బాసరలో అయితే వసంత పంచమికి జనమే జనం. గుడి లోపల కెమెరా విషయం అక్కడివాళ్లని అడిగాకే. ఇంట్లో జరిగేదైతే ఇంకా హాయి, కిందికి కూర్చుని పళ్లెం ఎత్తులో కెమెరా పెట్టి, బియ్యంలో తండ్రి చేతి కింద చిన్న వేలు తీయండి. పిల్ల ఏడుస్తుంటే ఆగిపోకండి, ఏడవనిచ్చి తీయండి.

దీనికి జోడీగా పెద్ద వయసులో సంతకం నేర్చుకుంటున్న అవ్వ ఫొటో ఒకటి దొరికితే వదలొద్దు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతమే, కాబట్టి వేలిముద్ర వేసేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడి పాఠాలతో కదిలిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా బంద్ అయింది, ఆ కథ తెలిసి తీస్తే అవ్వ చేతిని చూసే తీరే మారిపోతుంది.

స్టెప్ 4: లైటు, సెట్టింగులు

ట్యూబ్‌లైట్ల కింద ఫొటోలో నల్ల చారలు వస్తుంటే ఫోన్ పాడైనట్టు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది, కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకెళ్లి షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, చారలు చాలావరకు పోతాయి. ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని వెలుగుగా చేసే సెట్టింగు) 800, 1600 దాకా భయపడక్కర్లేదు, కొంచెం గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, ఉన్నా పర్లేదు కానీ ఫ్లాష్ మాత్రం వద్దు, చదివేవాళ్ల ధ్యాస చెడిపోతుంది. తెల్ల పుస్తకం మీద ట్యాప్ చేస్తే మనిషి నల్లగా వస్తాడు, మొహం మీద నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) లాక్ చేసి, కొద్దిగా తగ్గించండి.

స్టెప్ 5: ఏరడం, వరస పెట్టడం

ఫోన్‌లో ఏరకండి, పెద్ద స్క్రీన్ మీద చూడండి, లేదా పోస్ట్‌కార్డ్ సైజులో ప్రింట్లు వేయించి నేల మీద పరిచి చూడండి. వయసు ప్రకారం పెట్టాలన్న ఆలోచన అందరికీ వస్తుంది, అక్షరాభ్యాసంతో మొదలెట్టి అవ్వ సంతకంతో ఆపడం, అది మరీ ఊహించేసేదే. దానికంటే చేతులు ఒకదాని పక్కన ఒకటి, ఎదురుచూపులు ఒకదాని పక్కన ఒకటి అలా కలిపి చూడండి. ఒకే విషయం రెండు ఫొటోలు చెప్తుంటే ఒకటి తీసేయండి, నచ్చినదైనా సరే. క్యాప్షన్‌లో ఊరు, ఏం చేస్తున్నారు, ఎప్పుడు, అంతే. "జ్ఞాన దీపం", "అక్షర యజ్ఞం" లాంటివి దయచేసి వద్దు.

చివరగా, ఫొటో దిగినవాళ్లకి కాపీ పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా అటాచ్ చేస్తే ఒరిజినల్ వెళ్తుంది. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో క్రాప్ చేయకపోతే దాదాపు 13 బై 10 అంగుళాల ప్రింట్‌కి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది, అవ్వకి మాత్రం ఫైల్ పంపకుండా ప్రింటే ఇవ్వండి.