పిల్లలకు ప్రపంచ పరిచయం – నాలుగో పాఠం: ఇంటిని చూసి నేలను చదవడం

గత పాఠంలో గోళాన్నీ, గుండ్రటి భూమిని చదునుగా పరిచి చూపే మెర్కేటర్ పద్ధతిలో గీసిన పటాన్నీ పక్కపక్కన పెట్టి, పటంలో ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపించే గ్రీన్‌లాండ్ నిజానికి అందులో 14వ వంతు మాత్రమే ఉంటుందన్న సంగతిని పిల్లలే పోల్చి తెలుసుకునేలా చేశాం. భూమధ్యరేఖనూ, రెండు ధ్రువాలనూ, ఏడు ఖండాలనూ గోళం మీద తడుముకోకుండా చూపించగలిగిన పిల్లలతో ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల లోపు వారిని దృష్టిలో ఉంచుకుని దీన్ని రాస్తున్నాను.

ఇతర దేశాల సంస్కృతి అనగానే చాలామంది జెండాలతోనో, సంప్రదాయ దుస్తులు తొడిగిన బొమ్మలతోనో మొదలుపెడతారు. జెండాలను పిల్లలు ఇట్టే బట్టీ పట్టేస్తారు, అంతే త్వరగా మరిచిపోతారు. ఎందుకంటే ఆ రంగులు అలాగే ఎందుకు ఉన్నాయో వాళ్లంతట వాళ్లు ఊహించే వీలు లేదు. ఇల్లు అలా కాదు. పైకప్పు, గోడ, గుమ్మం, కిటికీ ప్రతి పిల్లకూ తెలిసినవే కాబట్టి, అవి వేరే రూపంలో కనిపించినప్పుడు కారణం వెతకాలన్న కుతూహలం దానంతట అదే పుడుతుంది.

మొదట ఒక ఇంటి ఫొటో చూపించండి, ఊరి పేరు మాత్రం చెప్పకండి. జపాన్‌లోని షిరకావా-గో గ్రామపు ఇళ్లు ఇందుకు చక్కగా పనికొస్తాయి. దాదాపు 60 డిగ్రీల వాలుతో నిటారుగా దిగే దట్టమైన గడ్డి కప్పు ఆ ఇళ్ల ప్రత్యేకత. కంటికి కనిపించేదాన్ని మాత్రమే ముందు చెప్పించండి, “ఎందుకు?” అన్న ప్రశ్న ఆ తరువాతే అడగాలి. కప్పు మీద చేతివేళ్లతో జారుడుబల్ల ఆడించి, పైనుంచి ఏది జారిపోవాలని అలా కట్టి ఉంటారో ఊహించమనండి. వాన అన్న జవాబు వచ్చినా తప్పనకుండా, మంచుతో నిండిన శీతాకాలపు ఫొటోను పక్కన పెట్టండి, చాలు. ఆ అటక మీద ఒకప్పుడు పట్టుపురుగులను పెంచేవారని కూడా చెబితే, ఇల్లు వాతావరణం కోసమే కాదు, బతుకుతెరువు కోసం కూడా రూపు దిద్దుకుంటుందని తెలుస్తుంది. గోళం మీద జపాన్‌ను వెతికించడం అన్నిటికంటే చివర చేయవలసిన పని.

ఈ వారంలో ఎక్కువ సమయం మాత్రం మంగోలియాకు కేటాయించండి. అక్కడి పశుపోషకులు గొర్రెలు, మేకలు, గుర్రాలు, పశువులు, ఒంటెల మేత కోసం ఏడాదిలో పలుమార్లు చోటు మారుస్తారు. రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన ఉంటుంది. విప్పి మోసుకుపోవడానికి వీలుగానూ ఉండాలి, అంతటి చలినీ ఆపాలి. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చే గుండ్రటి ఇంటి పేరు గెర్. మడతపెట్టగల కర్రల అల్లిక గోడ, నడినెత్తిన పొగగొట్టం బయటికి వచ్చే చక్రంలాంటి చట్రం, చుట్టూ గొర్రె ఉన్నితో చేసిన మందపాటి కంబళి, దక్షిణం వైపు తెరుచుకునే తలుపు దాని ముఖ్య భాగాలు.

దీన్ని మాటలతో వర్ణించి వదిలేయకుండా పిల్లల చేత కట్టించండి. అట్టను సన్నని పట్టీలుగా కత్తిరించి, సగం పట్టీలను ఒకవైపు వాలుగా, మిగతావాటిని వాటి మీద ఎదురువాలుగా పరిచి, కలిసిన ప్రతి చోటా రంధ్రం చేసి దారంతో వదులుగా ముడివేయాలి. ముడి బిగిస్తే పట్టీలు కదలవు కనుక ఆ పని మీరే చూసుకోండి. రెండు చివర్లూ పట్టుకుని లాగితే గోడ సాగుతుంది, దగ్గరికి నెడితే ఒక చిన్న కట్టగా ముడుచుకుంటుంది. ఇల్లంతా ఒంటె మీదికి ఎలా ఎక్కుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ క్షణంలో పిల్లల చేతుల్లోనే ఉంటుంది. తరువాత రెండు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు పోసి, ఒకదానికి ఉన్నిబట్ట చుట్టి, కాసేపాగి రెండింటినీ తాకించండి. ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని తొందరగా పోనివ్వదని అప్పుడు చెబితే సరిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాఠం ఇంతటితో ఆపేస్తే మంగోలియాలో అందరూ గెర్‌లలోనే ఉంటారన్న అభిప్రాయం మిగిలిపోతుంది. ఆ దేశ జనాభాలో దాదాపు సగం మంది ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు; అక్కడ బహుళ అంతస్తుల భవనాలూ ఉన్నాయి, నగర శివార్లలో గెర్‌లూ ఉన్నాయి. అందుకని ఏ దేశానికైనా రెండు ఫొటోలు సిద్ధం చేసుకోవడం నియమంగా పెట్టుకోండి: ఒకటి సంప్రదాయ నివాసానిది, రెండోది నేటి వీధిది. మంచు ఇగ్లూ విషయంలో ఈ నియమం మరీ ముఖ్యం. అది చాలాచోట్ల వేటకు వెళ్లినప్పుడు కట్టుకునే తాత్కాలిక నివాసమే. దాన్ని కట్టే ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుయిట్ ప్రజల కుటుంబాలు నేడు మామూలు ఇళ్లలోనే ఉంటున్నా, పిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రం వారిని ఇంకా ఇగ్లూల్లోంచి బయటికి రానివ్వడం లేదు.

ఏడేళ్లు దాటినవారికి మరో మెట్టు ఉంది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం, ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీ పట్టణం రెండూ ఎండ మండే పొడి నేలలే. యజ్ద్ ప్రజలు ఇళ్ల మీద ఎత్తయిన గాలి బురుజులు కట్టి పైగాలిని లోపలికి దించారు. 1915లో ఓపల్ అనే రత్నాల రాళ్లు దొరకడంతో వెలసిన కూబర్ పీడీలో, తవ్వకం ఎలాగూ అలవాటైన జనం నేల కిందే ఇళ్లు తొలుచుకున్నారు. రెండు ఫొటోలూ చూపించి, “ఎండ ఒకటే కదా, మరి ఇళ్లు వేరెందుకు?” అని అడగండి. ఎండ అడిగిన ప్రశ్న ఒకటే అయినా, జవాబు ఆయా మనుషుల చేతి పనినీ, అనుభవాన్నీ బట్టి మారింది. భూగోళం దాటి సంస్కృతిలోకి అడుగుపెట్టేది ఈ ప్రశ్న దగ్గరే కాబట్టి, జవాబు ఆలస్యమైనా మీరు అందించకండి.

కొత్త ఇల్లు చూసి పిల్లలు నవ్వవచ్చు. నవ్వకూడదని మందలిస్తే నవ్వు ఆగుతుంది, దానితో పాటు ఆలోచనా ఆగుతుంది. దానికి బదులు, “మనింటిని తీసుకెళ్లి ఆ గడ్డిమైదానంలో పెడితే, మేత అయిపోయాక గొర్రెల వెంట ఎలా వెళ్తావు?” అని అడిగి చూడండి.

వచ్చే పాఠానికి ముందు కంబోడియాలోని తోన్లే సాప్ సరస్సు ఒడ్డున, పొడవాటి కర్రల మీద నిలిచిన ఇళ్ల ఫొటోలు రెండు సిద్ధం చేసుకోండి: ఒకటి ఎండాకాలంలోనిది, మరొకటి వానాకాలంలోనిది. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సు నుంచి రావలసిన నీటిని వెనక్కి నెట్టడంతో అక్కడి నీటిమట్టం కొన్ని మీటర్లు పెరుగుతుంది. ఈ విషయం చెప్పకుండా, రెండు ఫొటోల మధ్య ఏం జరిగి ఉంటుందో పిల్లల చేత బొమ్మ వేయించి దాచి ఉంచండి. నదుల గురించిన అయిదో పాఠం ఆ బొమ్మతోనే మొదలవుతుంది.